గుర్తు తెలియని జంతువు

పిట్టగూటిని కాపాడాలంటే ముందుగా పిట్టను అదుపులో పెట్టాలి!

ఈ మాట చదవగానే కొందరు నొసలు చిట్లిస్తారని నాకు తెలుసు. “పిట్టనేమిటి, పిల్లిని కదా అదుపులో పెట్టాల్సింది?” అంటారు. చూశారా మీ తొందరపాటు? పిల్లి సంగతి ఎవరెత్తారు? నేనెత్తానా? ఇంతవరకూ ఈ వ్యాసంలో పిల్లి లేదు. మీరే తీసుకొచ్చి వదిలారు. ఇలాంటి దుడుకు మనుషుల వల్లే కాలనీల్లో ప్రశాంతత కరువైపోతోంది.

మా కాలనీలో అలా కాదు. ముప్పై రెండు ఇళ్లు, మధ్యలో ఒక తోట, తోట మూలన నీళ్ల ట్యాంకు, వీటన్నిటి మీదా ఒక కమిటీ. ఆ కమిటీకి ఈ మధ్యే ఒక ఉపసంఘం పుట్టింది. దాని పేరు పక్షి సంరక్షణ ఉపసంఘం. దానికి మినిట్స్ రాసే భాగ్యం నాది. కాబట్టి జరిగిన కథను నాకంటే పద్ధతిగా చెప్పగలవాళ్లు లేరు. మిగతావాళ్లయితే ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తారు!

కథ సిస్టరమ్మతో మొదలైంది.

సిస్టరమ్మ అంటే పురుళ్ల వార్డులో ముప్పై నాలుగేళ్లు నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఏడో నంబరు ఇల్లు. మనిషి పొట్టి, గొంతు పొడుగు. పసిబిడ్డ ఏడుపు వింటే చాలు, అది ఆకలో, కడుపునొప్పో, వట్టి పెంకితనమో గోడ అవతలి నుంచే చెప్పేస్తుంది. రిటైరయ్యాక ఆమెకు ఉన్న కొరత ఒక్కటే, ఇంట్లో ఏడ్చేవాళ్లు లేరు. ఆమె భర్త లిఫ్టు మెకానిక్‌గా చేసినవాడు. ఏడుపు మాట దేవుడెరుగు, ఆయన నోట మాట రావడమే గగనం. ఉద్యోగమంతా లిఫ్టు గుంటల్లో ఒంటరిగా గడిపిన మనిషి. రోజుకు పది మాటలు దాటితే ఆ పూట వాగుడు ఎక్కువైందని నొచ్చుకునే రకం.

ఆయన ఒకరోజు పాత బీరువా చెక్క కోసి చిన్న పెట్టె ఒకటి చేశాడు. ముందు పలకకు చిన్న నిమ్మకాయ పట్టేంత గుండ్రటి రంధ్రం, పైన వాలుగా కప్పు, అడుగున గాలికీ నీటికీ నాలుగు చిల్లులు. తోటలో ఇనుప గొట్టం పాతి, మనిషి చెయ్యెత్తినా అందనంత ఎత్తున దాన్ని బిగించాడు. “నీకు మళ్లీ వార్డు తెరిచాను” అన్నాడు భార్యతో. ఆ రోజుకు అవే మాటలు.

పదిరోజులు తిరక్కుండానే పిచ్చుకల జంట దిగింది. ఇక గడ్డిపోచలు, చీపురు పుల్లలు, ఎవరింటి నేల తుడిచే మాపు నుంచో పీకిన దారాలు ఒకటే మోత. కొన్నాళ్లకు లోపలి నుంచి సన్నగా కిచకిచలు మొదలయ్యాయి. సిస్టరమ్మ పెట్టె తెరిచి చూడలేదు. కింద నిలబడి చెవి ఒగ్గి, “ముగ్గురు. ఒకదాని గొంతు కాస్త నీరసంగా ఉంది” అని భర్తకు రిపోర్టు ఇచ్చింది.

తొమ్మిదో రోజు పొద్దున ఆమె మొక్కలకు నీళ్లు పోయడానికి బకెట్‌తో వచ్చేసరికి గూటి కప్పు పక్కకు ఒరిగి ఉంది. గొట్టం మొదట్లో ఈకలు రాలి ఉన్నాయి. తల్లిపిట్ట కరెంటు తీగ మీద నిలబడి గొంతు చించుకుంటోంది. గొట్టం మీద నుంచి ఒక బొద్దు శరీరం వెనక్కి వెనక్కి దిగుతోంది. గోధుమరంగు చారలు, మెడలో ఎర్ర మఖమల్ పట్టీ, నోట్లో ఉన్నదేదో ఉంది. కిందికి దిగాక ఆమె వంక ఒకసారి చూసింది. ఆ చూపులో తడబాటు లేదు. తీరుబడిగా గోడెక్కి ఒకటో నంబరు ఇంటి వరండాలోకి దిగిపోయింది.

ఒకటో నంబరు ఇల్లు కాలనీ అధ్యక్షులవారిది.

ఇక్కడ అధ్యక్షులవారి గురించి రెండు మంచి మాటలు చెప్పడం నా ధర్మం. ఆయన టైల్స్ షాపు యజమాని. ఏ వరస ఇళ్లకు ఏ గంటకు నీళ్లు వదలాలో, ఏ కారు ఏ చెట్టు కింద ఆగాలో నిర్ణయించేది ఆయనే. నా కారుకు పెద్దచెట్టు నీడ దక్కింది. ఎండాకాలం మధ్యాహ్నం కారెక్కితే సీటు చల్లగా తగులుతుంది. ఆ చల్లదనాన్నే నేను గౌరవం అంటాను. ఆయనకు ఒక పెంపుడు జంతువు ఉంది. కాలనీ పిల్లలు దాన్ని ‘చిన్న ప్రెసిడెంటు’ అంటారు. పెద్దలు ఏమీ అనరు. అది పాలు తాగుతుంది, మ్యావ్ అంటుంది.

అదిగో, చివరికి నా చేతే పిల్లి అనిపించేలా ఉన్నారు!

సిస్టరమ్మకు మా పద్ధతులు తెలియవు. బకెట్ అక్కడే పడేసి నేరుగా ఒకటో నంబరుకు వెళ్లింది.

“ప్రెసిడెంటుగారూ, మీ పిల్లి గూట్లో పిల్లల్ని తినేసిందండీ. మళ్లీ గుడ్లు పెడితే ఆ నెల్లాళ్లూ పొద్దునపూట దాన్ని ఇంట్లో ఉంచండి. అంతకంటే ఏమీ వద్దు.”

“మా పిల్లా! పాలు గోరువెచ్చగా లేకపోతే మూతి తిప్పుకుంటుందమ్మా అది. పచ్చిమాంసం దానికెక్కడ పడుతుంది?”

“నా కళ్లతో చూశానండీ.”

“మీ వయసులో కళ్లు...” అని ఆయన దయతో మధ్యలో ఆగి, “సరే, కమిటీలో పెడదాం. న్యాయం అందరికీ జరగాలి కదా” అన్నారు.

పాఠకులారా, ప్రజాస్వామ్యం అంటే ఇంకెలా ఉంటుంది? మరొకడైతే పిల్లిని లోపలేసి తలుపు గడియ పెట్టి ఊరుకునేవాడు. చిటికెలో పని. మా అధ్యక్షులవారు చిటికెలో అయ్యే పనికి రెండు నెలలు కష్టపడడానికి సిద్ధపడ్డారు!

ఆ ఆదివారమే ఉపసంఘం ఏర్పడింది. ఛైర్మన్‌గా అధ్యక్షులవారే ఉండాలని మేమంతా పట్టుబట్టాం. జంతువుల మనస్తత్వం తెలిసిన మనిషి ఇంకెవరున్నారు? కార్యదర్శిగా బీమా ఏజెంటును పెట్టాం. ప్రమాదాల లెక్క ఆయనకు బాగా తెలుసు.

నేరం ఎవరిది అన్నది మొదటి చర్చ. పాము అన్నారొకరు. పాము మెడలో మఖమల్ పట్టీ ఉంటుందా అని ఎవరూ అడగలేదు. మర్యాదస్తుల కమిటీ మరి. కాకి అన్నారు, ఎలుక అన్నారు, గుడ్లగూబ అన్నారు. బీమా ఏజెంటు కాసేపు కళ్లు మూసుకుని, “పిల్లలే తొందరపడి దూకి ఉండొచ్చుగా?” అన్నాడు. రెక్కలు రాని పిల్లలు దూకడం, దూకి ఈకలు మాత్రం ఇక్కడ వదిలి తాము ఎటో వెళ్లిపోవడం, ఇవన్నీ సాధ్యమేనని తల ఊపాం. చివరికి నేను మినిట్స్‌లో ‘గుర్తు తెలియని జంతువు’ అని రాశాను. హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. మూడే మూడు మాటలతో అంతమందికి అంత ఊరట ఇచ్చిన ఘనత ఈ కలానిదే.

రెండో చర్చ పిట్టల ప్రవర్తన మీద. ఇక్కడే అసలు విషయాలు బయటపడ్డాయి. తల్లిపిట్ట పట్టపగలు, అందరూ చూస్తుండగా, నోట్లో పురుగుతో రోజుకు వందసార్లు గూటికి తిరిగింది. తన ఇల్లు ఎక్కడుందో తానే చాటింపు వేసుకుంది! పిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. నోళ్లు తెరుచుకుని ఒకటే అరుపులు. అంత గొడవ చేస్తే ఏ జంతువుకైనా నోరూరదా? కాబట్టి పిట్టలు నిశ్శబ్దం పాటించాలని, రాకపోకలు తగ్గించుకోవాలని తీర్మానించాం. తీర్మానం కాపీ గొట్టానికి అంటించాం కూడా. పిట్టలు చదవలేదు. మన సమాజంలో చదివే అలవాటు తగ్గిపోతోందని నేనెప్పటి నుంచో చెబుతున్నాను.

మినిట్స్ మీద ఫిర్యాదుదారు సంతకం ఉండాలి. కాగితం పట్టుకుని నేనే ఏడో నంబరుకు వెళ్లాను. సిస్టరమ్మ కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది.

“గుర్తు తెలియని జంతువా?”

“మర్యాద కోసం అలా రాస్తామమ్మా. లోపల అందరికీ తెలుసు కదా.”

ఆమె కాగితాన్ని ఒళ్లో పెట్టుకుని కాసేపు దాని మడతను గోటితో గీస్తూ కూర్చుంది.

“ఇలాంటి కాగితం మీద ఒకసారి సంతకం పెట్టాను బాబూ. పుట్టిన మూడో గంటకి ఒక పాప పోయింది. ఆక్సిజన్ సిలిండర్ ఖాళీగా ఉందని నేల తుడిచే ఆయాక్కూడా తెలుసు. పెద్ద డాక్టరు ‘కారణం తెలియరాలేదు’ అని రాశాడు. కింద నన్ను పెట్టమన్నాడు. కొత్త ఉద్యోగం, ఇరవయ్యారేళ్లు నాకు. పెట్టేశాను. సాయంత్రం ఆ తల్లి నా చేతులు రెండూ పట్టుకుని, చాలా కష్టపడ్డారు సిస్టర్ అంది.”

కాగితం నా చేతికి ఇచ్చేసింది. “ఇది నాతో కాదు. తీసుకెళ్లు.”

ఒక్క సంతకం అడిగితే ఇంత పాతకథ ఎందుకు తవ్వాలో నాకు అర్థం కాలేదు. వంటింటి గుమ్మంలో ఆమె భర్త నిలబడి ఉన్నాడు. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆ సంగతి ఆయన వినడం కూడా అదే మొదటిసారట. ఆమె భుజం మీద ఒక్కసారి చెయ్యి వేసి, లోపలికి వెళ్లి రేకు కత్తెర తీశాడు.

మర్నాటికల్లా గొట్టానికి ఒక రేకు గొడుగు మొలిచింది. నూనె డబ్బా రేకు విప్పి, పెద్ద గరాటులా చుట్టి, నోరు కిందికి ఉండేలా తన తలెత్తున బిగించాడు. అంచులు లోపలికి మడిచి సుత్తితో నునుపు చేశాడు. తోట గేటు దగ్గరి వాచ్‌మన్ వచ్చి చుట్టూ తిరిగి చూశాడు.

“ఇదేంటి సార్, వాన పడకుండానా?”

“పిల్లి ఎక్కకుండా.”

“ఎక్కకూడదని కమిటీవాళ్లు బోర్డు పెడతారంట కదా?”

“ఎక్కేదాన్ని ఆపాలంటే దారి తెంపాలి. బోర్డు పెడితే చాలదు” అన్నాడాయన. ఆ పూట వాగుడు ఎక్కువైందని తర్వాత నొచ్చుకునే ఉంటాడు.

కొన్నాళ్లకు పిచ్చుకలు తిరిగొచ్చాయి. మళ్లీ గడ్డిపోచలు, మళ్లీ దారాలు. చిన్న ప్రెసిడెంటు కూడా తిరిగొచ్చాడు. గొట్టం పట్టుకుని ఠీవిగా పైకి పాకాడు. రేకు గరాటులో తల దూరింది, ముందుకు దారి లేదు. పక్కకు పంజా వేస్తే రేకు జారింది. వెల్లకిలా పడబోయి ఎలాగో నాలుగు కాళ్ల మీద దిగి, ఎవరూ చూడలేదు కదా అన్నట్టు కాసేపు మూతి నాక్కున్నాడు. సిస్టరమ్మ కిటికీలోంచి చూసి అంతకు ముందెన్నడూ నవ్వనంతగా నవ్వింది. ఆ నెలాఖరుకు నాలుగు గొంతులు లేచాయి. “ఈసారి నలుగురూ గట్టివాళ్లే” అంది.

ఇంత పకడ్బందీ ఏర్పాటు కమిటీ అనుమతి లేకుండా జరగడమా! అధ్యక్షులవారు బాధపడ్డారు. ఉపసంఘం అత్యవసరంగా కూర్చుంది. రేకు వల్ల ‘పైకెక్కే జీవుల పాదాలకు గాయమయ్యే ప్రమాదం’ ఉందని తేల్చాం. అది అనధికార కట్టడమని కూడా తేల్చాం. వాచ్‌మన్ స్టూలు వేసుకుని రేకు ఊడదీశాడు. ఊడదీస్తున్నంతసేపూ ఏడో నంబరు వైపు చూడలేదు.

రక్షణ లేకుండా వదిలేశామనుకుంటున్నారా? అపచారం! రేకు స్థానంలో మూడు ఆధునిక ఏర్పాట్లు చేశాం.

మొదటిది బోర్డు. ‘ఇచ్చట పక్షులు కలవు. హాని చేయరాదు.’ కూర్చున్న పిల్లికి సరిగ్గా కళ్లెదుట ఉండేలా పెట్టించాం.

రెండోది అరుగు. పిట్టలు వచ్చీపోయేటప్పుడు సేదతీరడానికి గూటి రంధ్రం కింద నాలుగు వేళ్ల వెడల్పున చెక్క అమర్చి, దాని అంచుకు ‘అధ్యక్షులవారి బహూకరణ’ అని ఇత్తడి పలక కొట్టించాం. పిచ్చుక ఏనాడూ దాని మీద వాలలేదు. సర్రున వచ్చి రంధ్రంలో దూరిపోతుంది. దాని ఇంటికి అరుగు ఉందనే స్పృహే లేదు! “పిట్టకు అక్కర్లేదు. పంజా ఆనించుకోడానికైతే బాగుంటుంది” అని లిఫ్టు మెకానిక్ గొణిగాడు. గొణుగుళ్లు మినిట్స్‌లో ఎక్కవు.

మూడోది కెమెరా. దాన్ని ఎటు తిప్పినా ఒకటో నంబరు వరండా కనిపిస్తోంది. ఒకరింటి ఆంతరంగిక విషయాలు రికార్డు చేయడం తప్పు కదా! అందుకని నేల వైపు వంచాం. అది ఎంతో స్పష్టంగా సిస్టరమ్మ చెప్పులను రికార్డు చేసింది.

ఆమె చెప్పులే ఎందుకంటే, రేకు తీసేసిన మర్నాటి నుంచీ ఆమె గొట్టం కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంటోంది. తెల్లారగానే వస్తుంది. ఎండెక్కాక భర్త వచ్చి కూర్చుంటాడు, ఆమె వెళ్లి వండుతుంది. ఎదురుగా గోడ మీద చిన్న ప్రెసిడెంటు. రెండు పక్షాలూ ఒకరినొకరు చూసుకుంటూ గంటలు గడిపాయి. పైన నలుగురు పిల్లలకు ఇవేమీ పట్టవు. నిశ్శబ్దం పాటించాలన్న తీర్మానాన్ని తుంగలో తొక్కి ఒకటే గోల.

మూడో రోజు పొద్దున స్టవ్ మీద పాలు పెట్టి వచ్చిన సంగతి గుర్తొచ్చి ఆమె లోపలికి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి పిల్లి గొట్టం చివరన ఉంది. వెనక కాళ్లు గొట్టానికి పెనవేసి, ముందరి పంజా ఒకటి అధ్యక్షులవారి బహూకరణ మీద ఆనించి, రెండోది రంధ్రంలోకి పోనిస్తోంది. లోపల నాలుగు గొంతులూ ఒక్కసారిగా ఆగిపోయాయి.

“ఆ నిశ్శబ్దం నాకు తెలుసు” అని తర్వాత చెప్పింది సిస్టరమ్మ. “ఏడ్చే బిడ్డకు భయపడక్కర్లేదు. ఏడుపు ఆపిన బిడ్డ దగ్గరికే పరిగెత్తాలి.”

కాలి చెప్పు తీసి విసిరింది. గురి ఎంత గొప్పదంటే చెప్పు వెళ్లి ఇత్తడి పలక మీద ఖంగుమని తగిలింది. ఆ మోతకు పిల్లి గాల్లోకి ఎగిరి గోడ అవతల పడింది. కాసేపటికి గూట్లోంచి ఒక గొంతు, దాని వెనకే మిగతా మూడూ.

అధ్యక్షులవారి పేరు మీద చెప్పు! ఇప్పుడు నేరం స్పష్టంగా జరిగింది. నిందితురాలు స్పష్టంగా గుర్తు తెలిసిన మనిషి. సాక్ష్యం కెమెరాలోనే ఉంది. సిస్టరమ్మ క్షమాపణ చెప్పాలంటూ ఆ ఆదివారం సర్వసభ్య సమావేశానికి నోటీసు వెళ్లింది.

కాలనీ హాలు నిండిపోయింది. నీళ్ల సమస్య మీద పిలిచినప్పుడు కూడా అంతమంది రాలేదు. గోడకు టీవీ పెట్టి దృశ్యం వేశారు. మొదట రెండు చెప్పులు కనిపించాయి, తర్వాత ఒకటే కనిపించింది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

బీమా ఏజెంటు లేచి, “క్షమాపణ సంగతి అలా ఉంచండి. అసలు ఈ చిక్కులన్నిటికీ మూలం ఏమిటి? ఆ పెట్టె! పెట్టె తీసేస్తే ప్రమాదమే ఉండదు. ఈ సాయంత్రమే తీయించాలని తీర్మానం పెడుతున్నా” అన్నాడు. ఎంత అందమైన ఆలోచన! గూడే లేకపోతే గూటికి హాని ఎక్కడిది? పిల్లలు పుట్టి అప్పటికి పదకొండు రోజులు. ఇంకో నాలుగైదు రోజులైతే వాటంతట అవే ఎగిరిపోతాయని సిస్టరమ్మ భర్త లేచి చెప్పాడు. ఆయన లేచి నిలబడి మాట్లాడడం అందరికీ అదే మొదటిసారి కావడంతో, మాట కంటే మనిషినే ఎక్కువ చూశారు.

“చేతులెత్తండి” అన్నారు అధ్యక్షులవారు.

“ఎత్తేముందు ఒక్క నిమిషమండీ” అంది సిస్టరమ్మ. ముందుకొచ్చింది. గొంతు పెంచలేదు. “ఆ పిల్లి గొట్టం ఎక్కడం చూసినవాళ్లు ముందు చెయ్యెత్తండి. పెట్టె సంగతి తర్వాత చూద్దాం.”

ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. కొందరు ఫోన్లలోకి చూశారు. కొందరు అప్పుడే పైకప్పు సున్నం ఎక్కడ పెచ్చులూడిందో పరిశీలించారు. వాచ్‌మన్ తలుపు దగ్గర నిలబడి తన బూట్లు చూసుకున్నాడు. ముప్పై రెండు ఇళ్లకు కలిపి అరవై నాలుగు చేతులైనా ఉంటాయి. ఒక్కటీ కదల్లేదు. సిస్టరమ్మ ఒక్కొక్కరి మొహమే చూస్తూ వచ్చింది. ఆ హాల్లో కూర్చున్నవాళ్లలో సగం మంది పిల్లలకు జ్వరమొస్తే అర్ధరాత్రి అపరాత్రి అనకుండా తలుపు తీసిన మనిషి ఆమె. అదేమీ అనలేదు.

అప్పుడు ముందు వరసలో ఒక కుర్చీ కదిలింది. రెండు చేతులూ కుర్చీ మీద ఆనించి, మూలుగుతూ, ఒక్కొక్క మోకాలే నిలబెట్టుకుంటూ ఒకావిడ లేచింది. అధ్యక్షులవారి భార్య.

“మన పిల్లేనండీ” అంది భర్తతో.

“నువ్వు కూర్చో.”

“కూర్చోలేనండీ. ఈ మోకాళ్లతో లేవడానికే ఇంతసేపు పట్టింది. లేచాను కాబట్టి మొత్తం చెప్పేస్తాను. మొదటిసారి వరండాలో ఈకలు ఊడ్చింది నేనే. పాముట, గుడ్లగూబట! పాము మనింటి డోర్‌మ్యాట్ మీద పడుకుని మూతి తుడుచుకుందా? దాని మెడకి గంట కట్టాను. మీ మధ్యాహ్నం నిద్ర చెడిపోతోందని మీరే కోసి పారేశారు. సిస్టరమ్మ నాకు వారం వారం బీపీ చూస్తుంది. ఆ పట్టీ నా చేతికి కట్టినప్పుడల్లా ఆవిడ మొహం చూడలేక చస్తున్నాను.”

ఎవరో నవ్వారు. నవ్వు అంటుకుంది. తలుపు దగ్గర వాచ్‌మన్ చెయ్యి లేచింది. “నేనూ చూశానమ్మా, రెండుసార్లు” అన్నాడు. ఇంక చూడండి, చేతులే చేతులు! పాలు తెచ్చుకోడానికి వెళుతూ చూసినవాళ్లు, డాబా మీద బట్టలు ఆరేస్తూ చూసినవాళ్లు, నడకకు వెళుతూ చూసినవాళ్లు. బీమా ఏజెంటు కూడా చూశాడట, పాలసీ కాగితాలు పంచుతూ! నేను లెక్కపెడుతూ కూర్చున్నాను. సగానికి పైగా లేచాయని రూఢి చేసుకున్నాక, నిబంధనల ప్రకారం నా చెయ్యీ ఎత్తాను.

అధ్యక్షులవారు నలువైపులా చూసి, చిరునవ్వు తెచ్చుకుని, “కాదని నేనెప్పుడైనా అన్నానా?” అన్నారు. నిజమే, అనలేదు. ఆయన చేత ఆ మాట అనిపించే అవసరం మేమెప్పుడూ రానివ్వలేదు.

ఆ సాయంత్రం రేకు గొడుగు మళ్లీ గొట్టమెక్కింది. అరుగు దిగింది. అధ్యక్షులవారి భార్య పొద్దునపూట వరండా తలుపు గడియ పెట్టడం మొదలుపెట్టింది. అయిదో రోజు పొద్దున మొదటి పిల్ల రంధ్రంలోంచి తల బయటపెట్టి, తీగ మీద నుంచి తల్లి పిలుస్తుంటే దభాలున గాలిలో పడి, పడబోయి, రెక్కలు కొట్టుకుని పక్క గోడ చేరింది. రెండోది, మూడోది. నాలుగోది మధ్యాహ్నం దాకా తల బయటపెట్టడం, లోపలికి లాక్కోవడం. సిస్టరమ్మ అన్నం కూడా తినకుండా నిలబడింది. “రావే తల్లీ, రా, ఇంకొక్కటే” అని పురుటిమంచం దగ్గర అన్నట్టే అంటూ ఉంది. అది వచ్చింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కుర్చీలో కూలబడి చాలాసేపు ఏడ్చింది. భర్త పక్కన నేల మీదే కూర్చున్నాడు.

మినిట్స్‌లో నేను ఇలా రాశాను: ‘ఉపసంఘం ముందుచూపు వల్ల, అధ్యక్షులవారి సహృదయం వల్ల నాలుగు పక్షులు క్షేమంగా ఎగిరిపోయినవి. వారికి ధన్యవాదాలు తెలుపుతూ సభ ఏకగ్రీవంగా తీర్మానించినది.’ నా కారు ఇప్పటికీ నీడలోనే ఉంది.

అంతటితో ఆగిపోతే ఎంత బాగుండేది! మొన్న సిస్టరమ్మ దారిలో నన్ను ఆపింది.

“మీ వంటింటి కిటికీ ఆ గొట్టానికి సరిగ్గా ఎదురు కదా బాబూ. మొదటిసారి ఆ మూడు పిల్లలు పోయినరోజు నీ వంటింట్లో లైటు వెలుగుతోంది. నీకేమీ కనపడలేదా?”

“కిటికీ అద్దం మసకమ్మా” అన్నాను. “బయటివైపు దుమ్ము పట్టేసింది. చెయ్యి అందదు.”

మర్నాడు పొద్దున నేను టీ కలుపుకుంటుంటే కిటికీ అవతల తల ఒకటి పైకి లేచింది. స్టూలు మీద సిస్టరమ్మ. చేతిలో తడిగుడ్డ, పాత పేపరు. కింద స్టూలు కదలకుండా పట్టుకుని ఆమె భర్త. మూలమూలలా, అంచుల వెంబడి, పుట్టిన బిడ్డను తుడిచినట్టు తుడిచింది. పని కాగానే ఇద్దరూ స్టూలు పట్టుకుని వెళ్లిపోయారు.

పాఠకులారా, ఒకరి కిటికీ అద్దం వాళ్లను అడక్కుండా తుడవడం దౌర్జన్యం కాదా? మీరే చెప్పండి! ఆ దుమ్ము ఉన్నప్పుడు కూడా, నిజం చెప్పాలంటే, ఆ రోజు అంతా కనిపించింది. పిల్లి పాకడం మొదలుపెట్టిన దగ్గర నుంచీ కనిపించింది. స్టవ్ మీద మూత ఉంది, చేతిలో గరిటె ఉంది. ఒక్కసారి ఠంగుమని కొట్టి ఉంటే అది దూకి పారిపోయేది. కానీ పొద్దున్నే ఒకటో నంబరువారి నిద్ర చెడగొట్టడం దేనికని టీ వడకట్టుకున్నాను. వడకట్టుకుంటూ, దుమ్ము బాగా పట్టింది, ఏమీ సరిగా కనిపించడం లేదు అనుకున్నాను. ఇన్నాళ్లూ అదే అనుకున్నాను.

ఇప్పుడు అలా అనుకోవడానికి వీల్లేకుండా చేసి వెళ్లింది మహాతల్లి.